‘టు’క్కుటమార విద్య

జేబులో వంద రూపాయల నోటుందా? తీయండి. చదవండి. అదేమిటి, ఇన్నేళ్ళూ లెక్కపెట్టడమే గానీ చదవనే లేదా? ముందువైపు ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంటుంది చూడండి. ‘ఐ ప్రామిస్ టు పే ద బేరర్’ అంటూ మొదలవుతుంది. కింద రిజర్వ్ బ్యాంక్ గవర్నరు గారి సంతకం. అదే వాగ్దానం హిందీలోనూ ఉంది. మరి తెలుగులో? నోటు తిప్పండి. పదిహేను భాషల పట్టీలో మనకూ ఒక వరుస పడేశారు. మొత్తమెంతో చెప్పి ఊరుకున్నారు. మాటిచ్చింది ఎవరు, ఏమని ఇచ్చారు అన్నది తెలుగువాడికి అనవసరం. ఎంతో తెలిస్తే చాలదూ?

2016 నవంబర్ 8 రాత్రి చెల్లకుండా పోయిన ఐదువందల, వెయ్యి నోట్ల మీద కూడా ఇదే ‘ప్రామిస్ టు పే’ ఉంది. ఆ తర్వాత ఏమైందో మీకు ఒకరు చెప్పాలా? ఏటీఎం ముందు నిలబడింది మీరే కదా. గడువిచ్చాం, మార్చుకోమన్నాం అంటారు ఏలినవారు. నోటు మీద గడువు రాశారా స్వామీ? మరుసటి ఏడాది పార్లమెంటు ఒక చట్టం చేసింది. రద్దయిన నోట్ల విషయంలో రిజర్వ్ బ్యాంకుకు ఇక ఏ బాధ్యతా లేదంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ నోట్లు పదికి మించి ఎవరి దగ్గరైనా ఉంటే పదివేల రూపాయలదాకా, లేదా వాటి విలువకు ఐదు రెట్లదాకా, ఏది ఎక్కువైతే అంతవరకూ జరిమానా వేయొచ్చంది. మాటిచ్చినవాడికి విముక్తి. ఆ మాట రాసిన కాగితం బీరువాలో మరిచిపోయిన ముసలమ్మకు జుల్మానా.

ఇదంతా ఆర్థికశాస్త్రం అనుకుంటున్నారేమో. పచ్చి వ్యాకరణం.

ఇంగ్లీషులో కొన్ని క్రియలకు ఒంటరిగా నడిచే అలవాటు లేదు. వెనక ఇంకో క్రియ కావాలి. మధ్యలో ‘టు’ కావాలి. ప్రామిస్ టు పే. ప్లాన్ టు బిల్డ్. హోప్ టు కంప్లీట్. ‘టు ప్లస్ వి-వన్’ అని మన పిల్లలు చిన్న తరగతుల్లోనే బట్టీ పడతారు. అసలు పని ‘టు’ తర్వాత ఉంటుంది. కట్టడం, ఇవ్వడం, పూర్తి చేయడం అన్నీ అటువైపే. కానీ ఆ పని జరిగిందో లేదో తేల్చేది ‘టు’కు ముందు కూర్చున్న పెద్దమనిషి. ‘మేనేజ్డ్ టు బిల్డ్’ అంటే కట్టారు. ‘ఫెయిల్డ్ టు బిల్డ్’ అంటే కట్టలేదు. ‘ట్రైడ్ టు బిల్డ్’ అంటే? ఏమో! కట్టి ఉండొచ్చు. కట్టకపోయీ ఉండొచ్చు. బిల్లు మాత్రం పాసై ఉండొచ్చు.

లౌరి కార్టునెన్ అనే భాషాశాస్త్రవేత్త 1971లో సరిగ్గా దీని మీదే ఒక వ్యాసం రాశాడు. మేనేజ్ లాంటి క్రియలకు ‘ఇంప్లికేటివ్’ అని పేరు పెట్టాడు. వెనకున్న పనికి పూచీ పడే క్రియలన్నమాట. ట్రై, హోప్, ప్లాన్, ఇంటెండ్ వగైరాలు ఏ పూచీ పడవు. రాజుగారి బావమరుదుల్లా ముందు వరసలో కూర్చుంటాయి, అంతే. మన నాయకులెవరూ ఆ వ్యాసం చదివి ఉండరు. చదవాల్సిన అగత్యమేముంది? చేపపిల్లకు ఈత నేర్పాలా?

పూచీ లేని క్రియలన్నీ ఎవరి వాటాకు వెళ్ళాయో గమనించారా? ప్రభుత్వం ‘ప్రపోజెస్ టు’. మంత్రిగారు ‘ఇంటెండ్స్ టు’. కార్పొరేషన్ ‘ప్లాన్స్ టు’. కంపెనీ ‘ఎయిమ్స్ టు’. కరెంటు పోయి మూడు గంటలైందని ఫోన్ చేస్తే ‘ట్రైయింగ్ టు రిస్టోర్’. మరి మీకేం మిగిలింది? ‘ఫెయిల్’. గడువు దాటిన బిల్లు మీద చూడండి, బ్యాంకు నోటీసులో చూడండి. ‘ఇఫ్ యు ఫెయిల్ టు పే’. ‘ఇఫ్ యు ఫెయిల్ టు సబ్మిట్’. ‘ఇఫ్ యు ఫెయిల్ టు అప్‌డేట్ కేవైసీ’. నెల వాయిదా ఒక్క రోజు ఆలస్యమైతే మీరు ‘ఫెయిల్డ్ టు’. మీ ఊరి వంతెన మూడేళ్ళుగా స్తంభాల మీదే ఆగిపోతే కాంట్రాక్టరు ఏమవుతాడు? ‘ఫెయిల్డ్ టు’ అవుతాడా? అబ్బే! వంతెన ‘ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు బి కంప్లీటెడ్’ అవుతుంది. ఎవరండీ ఎక్స్‌పెక్ట్ చేస్తున్నది? వాక్యంలో వెతకండి. మనిషన్నవాడు కనబడడు. కాంట్రాక్టరు ముందే జారుకున్నాడు, ఇంజనీరు ఆయన వెనకే వెళ్ళాడు, చివరికి కర్త కూడా సెలవు చీటీ పెట్టాడు.

ఇంకో తమాషా. ‘మేక్’ వెనక టు రాదు. ‘దే మేడ్ హిమ్ వెయిట్’. వాళ్ళు ఆయన్ను కూర్చోబెట్టారు. బాగుంది. కూర్చోబెట్టినవాళ్ళను దాచిపెట్టి వాక్యాన్ని తిరగేయండి. ‘హి వజ్ మేడ్ టు వెయిట్’. ఇప్పుడు టు వచ్చింది! ఎక్కడినుంచి ఊడిపడింది? కూర్చోబెట్టినవాడి మీద లేని బరువు, కూర్చున్నవాడి నెత్తిన పడింది. తాసీల్దారు ఆఫీసు వరండాలో పొద్దున్నుంచి బల్ల మీద ఉన్న రైతును అడగండి. ఈ సూత్రం ఆయనకు గ్రామరు పుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

‘స్టాప్’ సంగతి మరీ ఘోరం. ‘స్టాప్డ్ టేకింగ్’ అంటే తీసుకోవడం మానేశాడు. ‘స్టాప్డ్ టు టేక్’ అంటే తీసుకోవడానికి ఆగాడు. అవినీతి మీద సమరం అని ఫ్లెక్సీలు కట్టినప్పుడల్లా మనం మొదటిది విన్నామనుకుంటాం. చెక్‌పోస్టు దగ్గర రెండోది జరుగుతుంది. ‘రిమెంబర్’ కూడా ఆ తానులో ముక్కే. ‘రిమెంబర్ ప్రామిసింగ్’ అంటే మాటిచ్చిన సంగతి గుర్తుంది. ‘రిమెంబర్ టు డూ’ అంటే చేయాల్సిన పని మరవకుండా చేయడం. మన నేతలకు మతిమరుపు ఉందని ఎవరన్నారు? మొదటి రకం జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉంది. ప్రతి ఐదేళ్ళకోసారి వచ్చి పాత హామీని పూర్తి పాఠంతో సహా గుర్తు చేస్తారు. మళ్ళీ ఇస్తారు కూడా.

సరే, ఈ నిబంధనలు తప్పితే శిక్ష ఎవరికి? అక్కడికే వస్తున్నా. ఊళ్ళో తెలుగు మీడియంలో చదివి, డిగ్రీ పట్టా పట్టుకుని, అమీర్‌పేటలో షేరింగ్ రూములో ఉంటూ, కోచింగ్ సెంటర్ల మెట్లు ఎక్కి దిగే కుర్రాడికి. ఇంటర్వ్యూ ముగిశాక లేచి, మర్యాదగా ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు అగైన్’ అంటాడు. ఏసీ గదిలో అవతలివాళ్ళు ఒకరినొకరు చూసుకుని పెదవి బిగిస్తారు. అక్కడ ‘మీట్’ అనకూడదట. ‘మీటింగ్’ అనాలట. టు ఉంది కదా, వి-వన్ వేయమని కదా ఇన్నేళ్ళూ నేర్పారు? నేర్పారు. కానీ ఈ టు ఆ టు కాదు నాయనా. దీని కులం వేరు, ఇది ప్రిపోజిషను. ఒక్క ‘ఇంగ్’ తక్కువైన పాపానికి వారం తర్వాత ఉత్తరం వస్తుంది. ‘వి రిగ్రెట్ టు ఇన్ఫార్మ్ యు’. ఇక్కడ గ్రామరు దివ్యంగా ఉంటుంది. ‘రిగ్రెట్ టు ఇన్ఫార్మ్’ అంటే చెప్పబోతున్నందుకు విచారం. ‘రిగ్రెట్ ఇన్ఫార్మింగ్’ అంటే చెప్పినందుకు విచారం. మొదటిది లెటర్‌హెడ్ మీద రోజూ చూస్తున్నాం. రెండోది ఏ ఆఫీసు అయినా ఎవరికైనా ఎప్పుడైనా రాసిందా?

మాట తడబడ్డ కుర్రాడికి ఉద్యోగం పోయింది. మాట తప్పినవాళ్ళకు ఏం పోయింది? ఏమీ పోకపోతే పోయె, కనీసం మామూలు జనానికి వర్తించే న్యాయమైనా వర్తించాలి కదా. అది ఎంత కఠినమో చూద్దాం.

మన ఊళ్ళలో అప్పు పుట్టాలంటే ప్రోనోటు రాయాలి. రెవెన్యూ స్టాంపు అంటించాలి. దాని మీద సంతకం పడాలి. ఇది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. ఏది ప్రోనోటు, ఏది కాదు అని అందులో ఉదాహరణలతో సహా చెప్పారు. ‘ఫలానావారికి 500 రూపాయలు చెల్లిస్తానని మాటిస్తున్నాను’ అంటే చెల్లుతుంది. ‘నా పెళ్ళయిన ఏడు రోజులకు చెల్లిస్తాను’ అంటే చెల్లదు. ‘ఫలానా ఆయన చనిపోతూ నాకు సరిపడా ఆస్తి వదిలితే చెల్లిస్తాను’ అన్నా చెల్లదు. చివరికి ‘500 రూపాయలూ, దాంతోపాటు నా నల్లగుర్రమూ ఇస్తాను’ అన్నా చెల్లదు. షరతు పెట్టావో, డొంకతిరుగుడు మాట్లాడావో, నీ ‘ప్రామిస్ టు పే’ ప్రోనోటే కాదంటుంది చట్టం. ఎంత నిక్కచ్చి!

ఇదే గీటురాయి మీద ఒక్క మ్యానిఫెస్టోను గీసి చూడండి. ‘నిధుల లభ్యతను బట్టి’. ‘విధివిధానాలు ఖరారయ్యాక’. ‘అర్హులైన వారికి’. ‘దశలవారీగా’. పెళ్ళయిన ఏడు రోజులకు ఇస్తానన్నవాడే నయం కదా? వాడి పెళ్ళికి ముహూర్తమైనా ఉంటుంది. ఇక కాలపరిమితి. ప్రోనోటుకు మూడేళ్ళు. ఆలోగా వసూలు చేసుకోవాలి, లేదా ఎంతో కొంత జమ కట్టించి వెనక సంతకం తీసుకోవాలి. ఈ లెక్క ఊళ్ళో చదువురాని ఆసామికి కూడా కంఠతా వచ్చు. ఐదేళ్ళకోసారి వాగ్దానం పుచ్చుకునే ఓటరుకే రాదు. నోటుకు మూడేళ్ళు, ఓటుకు ఐదేళ్ళు. వసూలుకు వెళ్ళేసరికి కాలం చెల్లి రెండేళ్ళవుతుంది.

తెలుగువాళ్ళకైతే ఈ పాఠం సాక్షాత్తూ పార్లమెంటే చెప్పింది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం, పదమూడో షెడ్యూలు. రెండు రాష్ట్రాల బంగారు భవిష్యత్తంతా అందులోనే ఉందని అప్పట్లో ఎంత ఊదరగొట్టారు! తెరిస్తే ఏముంది? విద్యాసంస్థల దగ్గర ‘షల్ టేక్ స్టెప్స్ టు ఎస్టాబ్లిష్’. స్థాపిస్తామనలేదు సుమండీ. స్థాపించే దిశగా అడుగులు వేస్తామన్నారు. ఎన్ని అడుగులు? ఎంత పొడుగు అడుగులు? అడుగుల ఊసు లేకుండా ‘షల్ ఎస్టాబ్లిష్’ అని రాసిన తెలంగాణ గిరిజన విశ్వవిద్యాలయానికే చట్టం రావడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది. తొమ్మిదేళ్ళు దాటింది. పసిపిల్లాడు కూడా అంతకన్నా ముందే నడక నేర్చి బడికి పోతాడు.

ఉక్కు కర్మాగారాల దగ్గరికొచ్చేసరికి ఆ ‘టు’ కూడా దండగనుకున్నారు. కడప జిల్లాలో ఒకటి, ఖమ్మం జిల్లాలో ఒకటి స్థాపించేందుకు సాధ్యాసాధ్యాలను ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో ‘ఎగ్జామిన్’ చేస్తుందని రాశారు. పరిశీలించారు. గిట్టుబాటు కాదన్నారు. చట్టం అక్షరాలా అమలైపోయింది! ఉక్కు ఏదీ అని ఎవరైనా అడిగితే, పాపం, వారికి ఇంగ్లీషు రాదని అర్థం. ఖమ్మం వైపు బయ్యారం ఖనిజం భూమిలో నిశ్చింతగా ఉంది. కడప వైపు మాత్రం శంకుస్థాపనలకు లోటు లేదు. 2007లో ఒకటి. 2018లో ఒకటి. 2019లో ఒకటి. 2023లో మరొకటి. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, కొబ్బరికాయ కొట్టే భంగిమ మాత్రం మారలేదు. ఆ రాళ్ళన్నీ ఒకచోట చేర్చినా ఓ ప్రహరీగోడ లేచేది.

విశాఖ రైల్వే జోన్ కూడా ఆరు నెలల పరిశీలన ఖాతాలోదే. ప్రకటన వచ్చింది 2019 ఫిబ్రవరిలో. సరిగ్గా ఎన్నికల ముందు. కాకతాళీయమే లెండి. ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరిలో. ఈలోగా, పదేళ్ళలో అవసరమైన చర్యలన్నీ తీసుకుంటామన్న 93వ సెక్షను గడువు 2024 జూన్‌లో చడీచప్పుడు లేకుండా తీరిపోయింది. ఎవరికైనా జరిమానా పడిందా? ఐదు రెట్లు?

ఇది మన ఢిల్లీవాళ్ళ సొంత తెలివి అనుకుని మురిసిపోనక్కర్లేదు. పెద్దదేశాలు ఎప్పుడో ఆరితేరాయి. 1968 నాటి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం ఆరో అధికరణలో సభ్యదేశాలన్నీ నిరాయుధీకరణ కోసం చర్చలు కొనసాగించడానికి ‘అండర్‌టేక్స్ టు పర్స్యూ’ అని ఒప్పుకున్నాయి. బాంబులు వదిలేస్తామని కాదు. వదిలేయడం గురించి మాట్లాడుకుంటామని. ఇన్నేళ్ళ తర్వాత బాంబులు భద్రం. 2015 పారిస్ వాతావరణ ఒప్పందంలో ఉద్గారాలను గరిష్ఠ స్థాయి దాటించి దించడానికి దేశాలు ‘ఎయిమ్ టు’. అదే ఒప్పందంలో సంపన్న దేశాలు ముందుండి ఉద్గారాలు తగ్గించాలన్న చోట ‘షల్’ అని పడింది. అమెరికా ఉలిక్కిపడింది. ఆఖరి నిమిషంలో అచ్చుతప్పు సవరణల జాబితాలో కలిపి దాన్ని ‘షుడ్’ చేసేశారు. భూగోళం ఉడుకుతోంది, వీళ్ళకు సహాయక క్రియ కాలింది.

ఇన్ని చెప్పి, ఈ విద్యకు మూలస్తంభాన్ని చెప్పకపోతే పాపం. రాజ్యాంగంలో ఆదేశిక సూత్రాల కింద చేరిన 45వ అధికరణ తొలి పాఠం. పద్నాలుగేళ్ళలోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం ‘షల్ ఎండెవర్ టు ప్రొవైడ్’. ముసాయిదాలో దీని ముందు ఇంకో ముక్క ఉండేది. ప్రతి పౌరుడికీ ఉచిత ప్రాథమిక విద్య పొందే హక్కుందని. 1948 నవంబరులో రాజ్యాంగ సభ ఆ ముక్కను కత్తిరించింది. హక్కు పోయింది, ‘ఎండెవర్ టు’ మిగిలింది. ఆ సభలోనే కె.టి.షా ఈ ఆదేశిక సూత్రాలన్నీ బ్యాంకుకు వీలు చిక్కినప్పుడు చెల్లించే చెక్కులా ఉన్నాయని ఎత్తిపొడిచారు. ఎవరు విన్నారు? ఏ కోర్టూ వీటిని అమలు చేయించజాలదని 37వ అధికరణలో ముందే తాళం వేసి ఉంచారాయె.

పదేళ్ళ గడువు 1960లో ముగిసింది. ఎండెవర్ సాగుతూనే ఉంది. 1970లో సాగింది. 1980లో సాగింది. 1960లో ఐదేళ్ళవాడు ఇప్పుడు తాత అయ్యాడు, వేలిముద్ర వేసి పింఛను తీసుకుంటున్నాడు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఓపిక నశించి, ఆదేశిక సూత్రాల అధ్యాయం మొత్తంలో గడువు పెట్టింది ఈ ఒక్క అధికరణకేనని గుర్తు చేసి, పద్నాలుగేళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కే పొమ్మంది. దాన్ని రాజ్యాంగంలో రాయడానికి 2002 దాకా, చట్టంగా అమల్లోకి తేవడానికి 2010 ఏప్రిల్ దాకా పట్టింది.

మరి ఆ ‘ఎండెవర్ టు’ ఏమైంది? చెత్తబుట్టలో పడిందనుకున్నారా? అంత మంచి సరుకు ఎవరు పారేస్తారు! ఆ 2002 నాటి 86వ సవరణలోనే దాన్ని జాగ్రత్తగా మడతపెట్టి ఆరేళ్ళలోపు పసివాళ్ళకు బదిలీ చేశారు. చిన్నపిల్లల సంరక్షణ, పూర్వ ప్రాథమిక విద్య అందించడానికి రాజ్యం ‘షల్ ఎండెవర్ టు ప్రొవైడ్’. ఈసారి పదేళ్ళ గడువు కూడా లేదు. ఒకసారి గడువు పెట్టి ఇరుక్కున్నారు కదా, బుద్ధొచ్చింది.

ఆరేళ్ళలోపు పిల్లల్ని నిజంగా చూసుకుంటున్నది ఎవరు? అంగన్‌వాడీ వర్కరు, ఆయా. గుడ్డు ఉడకబెట్టేది వాళ్ళు, బరువు తూచేది వాళ్ళు, ముక్కు తుడిచేది వాళ్ళు, యాప్‌లో ఫొటో ఎక్కించేది వాళ్ళు. వాళ్ళకు ఇచ్చేది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. 2023 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది వర్కరుకు 11,500, ఆయాకు 7,000. ఇచ్చిన హామీ ప్రకారం పెంచండి మహాప్రభో అని 2023 డిసెంబరులో సమ్మెకు దిగితే ప్రభుత్వానికి హఠాత్తుగా వాళ్ళ విలువ తెలిసొచ్చింది. జనవరిలో అత్యవసర సేవలని ప్రకటించి ఎస్మా ప్రయోగించింది. జీతమడిగితే గౌరవ సేవ, సమ్మె చేస్తే అత్యవసర సేవ. అయినా వాళ్ళు కదలకపోవడంతో, విధుల్లో చేరనివారిని తొలగించమని కలెక్టర్లకు ఆదేశాలు వెళ్ళాయి.

దానికి మాత్రం ఎవరూ ఆరు నెలలు కూర్చుని సాధ్యాసాధ్యాలు పరిశీలించలేదు.